వానల్లేని ఊళ్లో ఇన్ని దోమలా?

“వానలే రావు కదా సార్, ఈ దోమలు యాడ్నుంచి వస్తాయి?” అని మా ఎదురింటి అక్క నేను కనబడినప్పుడల్లా అడుగుతుంది. జువాలజీ చెప్పేవాణ్ని కాబట్టి నా దగ్గర జవాబు ఉండి తీరాలని ఆమె నమ్మకం. అడిగేదాంట్లో న్యాయం కూడా ఉంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, ఊరి చుట్టూ వరి మళ్లు లేవు, చెరువులు నిండే ఏడు ఎప్పుడో ఒకసారి వస్తుంది, అయినా సాయంత్రం ఆరైతే కిటికీలు బిడాయించుకుని ఫ్యాను కింద కూర్చోవాల్సిందే. నేను చెప్పే జవాబు మాత్రం ఆమెకు నచ్చదు. వానలు లేవు కాబట్టే దోమలు ఉన్నాయి అంటాను. వానలు పడని ఊరు నీళ్లు దాచుకుంటుంది. కొళాయి రోజు మార్చి రోజు వస్తే డ్రమ్ములు, సంపు, సిమెంటు తొట్టి, మిద్దె మీద ట్యాంకు, చివరికి పాత ఇత్తడి గంగాళంతో సహా నింపి పెట్టుకుంటాం. దోమకు కావాల్సింది రెండే, రక్తం, నిలవ నీళ్లు. రెండూ ఒకే ఇంట్లో దొరుకుతుంటే అది పొలాలకు ఎందుకు పోతుంది?

దోమ అంటే మనం ఒకటే అనుకుంటాం గానీ మా వీధిలో కనీసం మూడు రకాల దోమలకు మూడు రకాల నీళ్లు కావాలి. పగలు కుట్టేది, కాళ్ల మీద తెల్ల చారలు ఉండేది ఏడీస్ ఈజిప్టై, డెంగీ, చికున్‌గున్యా మోసేది ఇదే, దీనికి ఇంట్లోని డ్రమ్ములు, తొట్లు ఇష్టం. రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టేది ఎక్కువగా క్యూలెక్స్, బోదకాలు మోసే జాతి, దీనికి కంపు నీళ్లు కావాలి, మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు, మా ఊళ్లో నడిమివంక అనే వాగు లాంటివి. మూడోది అనాఫిలిస్ స్టెఫెన్సీ, పట్నాల్లో మలేరియా మోసేది, మూత సరిగ్గా పడని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో పెరుగుతుంది. ఈ మూడోది మన దేశపు ఇళ్ల మీది ట్యాంకులకు ఎంత అలవాటు పడిందంటే, 2012లో ఆఫ్రికాలోని జిబూతిలో తేలి అక్కడి నగరాల్లోనూ కాపురం పెట్టేసింది. మా అక్కకు ఇవన్నీ ఒకటే, “కుట్టేదంతా దోమే” అంటుంది. వినడానికి బాగానే ఉంది గానీ, ఏ దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో తెలియకుండా మనం దాన్ని ఏమీ చేయలేం.

ఇంకో సంగతి. కుట్టేది ఆడదోమ ఒక్కటే అని అందరూ బళ్లో చదువుకున్నదే. ఎందుకు కుడుతుందనేది మాత్రం చాలామంది మరిచిపోతారు. ఆకలి తీరడానికైతే దానికి పూలలోని తేనె, చెట్ల తీపి రసాలు చాలు, మగదోమ బతుకంతా వాటితోనే వెళ్లిపోతుంది. రక్తం గుడ్ల కోసం. గుడ్డులో పచ్చసొన తయారు కావాలంటే ప్రొటీను కావాలి, తేనెలో అది లేదు. మగదోమల గురించి క్లాసులో ఒక ముక్క చెప్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు: ప్యూపా (రెక్కలు రాకముందు నీళ్లలో ఉండే చివరి దశ) నుంచి బయటపడ్డాక మొదటి రోజు మగదోమ జత కట్టలేదు, దాని పొట్ట చివరి భాగం సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు, తిరిగి సర్దుకునే దాకా ఆగాల్సిందే. అందుకే కాబోలు మగవి ఆడవాటికంటే కాస్త ముందే బయటికొచ్చి కాచుక్కూర్చుంటాయి. ఆడదోమ మామూలుగా ఒక్కసారే జత కడుతుంది, ఆ వీర్యాన్ని పొట్టలోని చిన్న సంచుల్లో దాచుకుని బతికినన్నాళ్లూ పెట్టే గుడ్లన్నిటికీ అదే వాడుకుంటుంది. ఆ తర్వాత దాని జీవితమంతా ఒకే చక్రం. కుట్టడం, అరిగించుకోవడం, గుడ్లు పెట్టడం, మళ్లీ కుట్టడం.

ఈ చక్రాన్ని చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. పొద్దున్నే ఇంకా చీకటి పోకముందు టార్చి, భూతద్దం పట్టుకుని బాత్రూంలోకి వెళ్లండి. మూలల్లో, బకెట్ వెనక, తడి ఆరని గోడ మీద నాలుగైదు దోమలు కదలకుండా కూర్చుని ఉంటాయి. ఒక్కోదాని పొట్ట చూడండి. ఒకటి సన్నగా ఉంటుంది, దానికింకా రక్తం దొరకలేదు. ఒకటి ఎర్రగా నిగనిగలాడుతూ ఉబ్బి ఉంటుంది, ఎగరమన్నా సరిగ్గా ఎగరలేదు, అది రాత్రి మన ఇంట్లోనే ఎవరినో కుట్టింది. అసలు చూడాల్సింది మూడోది. దాని పొట్ట ముందు భాగం ముదురు గోధుమ రంగులోకి, నలుపులోకి తిరిగి ఉంటుంది, వెనక భాగం పాలిపోయి తెల్లగా ఉంటుంది. ఆ నలుపు అరుగుతున్న మన రక్తం, ఆ తెలుపు పెరుగుతున్న గుడ్లు. నలుపు తగ్గేకొద్దీ తెలుపు ముందుకు జరుగుతూ వస్తుంది. పొట్టంతా తెల్లబడిందంటే ఈ రాత్రికో రేపటికో అది నీళ్లు వెతుక్కుంటూ బయల్దేరుతుందని అర్థం. మలేరియా విభాగాల్లో పనిచేసేవాళ్లు ఇలా పొట్టలు చూసి లెక్క రాసుకుంటారు, ఒక గదిలో దొరికిన దోమల్లో ఎన్ని తాగినవి, ఎన్ని సగం అరిగినవి, ఎన్ని గుడ్లతో ఉన్నవి అని. మా ఇంట్లోవాళ్లు మాత్రం నేను బాత్రూంలో ఇంతసేపు ఏం చేస్తున్నానని తలుపు కొడుతుంటారు.

తాగే పనే పెద్ద హైరానా దానికి. బయటికి ఒక్క సూదిలా కనబడే దాంట్లో ఆరు సన్నటి పుల్లలు ఉంటాయి, కోసేవి కొన్ని, పీల్చేది ఒకటి, ఉమ్ము వదిలేది ఒకటి. ఆ ఉమ్ము రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, మనకు దురద వచ్చేది కూడా దానివల్లే, రోగం మనలోకి దిగేదీ ఆ దారిలోనే. తన ఒంటి బరువుకు సమానంగా, ఒక్కోసారి అంతకు మించి తాగేస్తుంది. అంత బరువుతో ఎగరలేదు కాబట్టి తాగుతూనే వెనకనుంచి నీళ్లు చుక్కలుగా వదిలేస్తుంది. అనాఫిలిస్ అయితే ఆ చుక్కలో కాస్త రక్తం కూడా కలిసి ఎర్రగా కనబడుతుంది.

తర్వాత గంటల్లో రక్తం చుట్టూ లోపల ఒక పల్చటి పొర ఏర్పడుతుంది, ఎంజైములు పనిలో దిగుతాయి, రక్తంలోని ప్రొటీను ముక్కలై, దోమ ఒంట్లోని కొవ్వు కణజాలంలో పచ్చసొన ప్రొటీనుగా మారి అండాశయాలకు చేరుతుంది. పొట్ట నిండుగా తాగిన ఏడీస్‌కు గుడ్లు పెట్టే దాకా మనిషి వాసన మీద మోజు కూడా తగ్గిపోతుంది, దాని ఒళ్లే దాన్ని ఆపేస్తుంది. వెచ్చటి రోజుల్లో రక్తం తాగిన దగ్గర్నుంచి గుడ్లు పెట్టే దాకా సుమారు రెండు మూడు రోజులు. చలికాలం అయితే కాస్త సాగుతుంది. మరి మన ఊరి మే నెల ఎండకు చచ్చిపోవా అంటే, ఎండలో ఉన్నవి చస్తాయి. కానీ ఏడీస్ ఎండలో ఎందుకు ఉంటుంది? మంచం కింద, బీరువా వెనక, తగిలించిన చొక్కాల మడతల్లో, కూలర్ ఆడే గదిలో ఉంటుంది. మనకోసం చేసుకున్న చల్లదనం దానికీ సరిపోతుంది.

ఇప్పుడు డ్రమ్ము దగ్గరికి వద్దాం, నా గోలంతా దాని గురించే.

ఏడీస్ గుడ్లను నీళ్లలో పెట్టదు. నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. పెట్టినప్పుడు తెల్లగా ఉండి కొన్ని గంటల్లో నల్లబడతాయి. నీలం డ్రమ్ము లోపల టార్చి వేసి చూస్తే నీటి గీత పైన పెన్సిలు చెక్కినప్పుడు రాలిన పొడిలా కనబడతాయి, మురికనుకుని వదిలేస్తాం. లోపలి పిల్ల రెండు మూడు రోజుల్లో తయారైపోతుంది గానీ బయటికి రాదు, నీళ్లు తనను ముంచే దాకా కాచుకుని ఉంటుంది. ఇక మన ఇంటి లెక్క చూడండి. ఇవాళ కొళాయి వచ్చింది, డ్రమ్ము అంచు దాకా నింపాం. రేపంతా వాడాం, మట్టం కిందికి దిగింది, గోడ తడిగా మిగిలింది. ఏడీస్ వచ్చి ఆ తడి మీద గుడ్లు పెట్టింది. మళ్లీ కొళాయి వచ్చింది, మళ్లీ నింపాం, పాత గుడ్లన్నీ మునిగాయి. పొదిగే బాధ్యత దోమ మన మీద పెట్టింది, మనం రోజు మార్చి రోజు ఠంచనుగా నెరవేరుస్తున్నాం. అడవిలో ఈ గుడ్లు చెట్టు తొర్రలో వానకోసం ఎదురుచూడాలి. మన ఇంట్లో కొళాయి టైముకు వాన కురుస్తుంది.

“నేను డ్రమ్ము ఎప్పుడూ ఖాళీ చేస్తాను కదా” అని చాలామంది అంటారు. ఖాళీ చేస్తే గుడ్ల నుంచి వచ్చి నీళ్లలో ఈదే పురుగులు (లార్వాలు) పోతాయి, గుడ్లు పోవు. గోడకు అంటుకుని అక్కడే ఉంటాయి. ఎండబెట్టినా నెలల తరబడి బతుకుతాయి, కొన్నైతే ఏడాది దాకా. పైగా ఒక్కసారి తడిపితే అన్నీ పగలవు, కొన్ని మొదటి తడికి, కొన్ని రెండో తడికి, ఇలా విడతలు విడతలుగా. క్యూలెక్స్‌కు ఈ తెలివి లేదు, అది నూటికి పైగా గుడ్లను ఒక చిన్న తెప్పలాగా అతికించి నీళ్ల మీద వదులుతుంది, నీళ్లు ఆరితే ఆ తెప్ప పనైపోయినట్టే. అనాఫిలిస్ గుడ్లు కూడా ఎండకు ఎక్కువ రోజులు తట్టుకోలేవు. కరువు సీమలో నెగ్గుకొచ్చే గుడ్డు ఏదయ్యా అంటే ఏడీస్‌దే. అందుకే డ్రమ్మును గీకాలి. పీచు గానీ గట్టి బ్రష్ గానీ తీసుకుని లోపలి గోడంతా, ముఖ్యంగా నీటి గీత పైన, గట్టిగా రుద్ది ఆ నీళ్లు ఎండిన మట్టిలో పారబోయాలి, కాలవలో కాదు.

కూలర్ గురించి ఎవరూ మాట్లాడరు, అదీ డ్రమ్ము చుట్టమే. మన ఊళ్లో మార్చిలో దించిన కూలర్ వానలు మొదలయ్యే దాకా ఆడుతూనే ఉంటుంది. తర్వాత నీళ్లు ఒంపేసి, ట్రే తుడవకుండానే గుడ్డ కప్పి అటకెక్కిస్తాం. ట్రే అంచు మీద, గడ్డి పరదాల అడుగున అంటుకున్న గుడ్లు అక్కడే పడి ఉంటాయి. వచ్చే ఎండాకాలం నీళ్లు పోసిన వారం పది రోజులకు “ఇంకా వానలే లేవు, అప్పుడే దోమలేంది” అని ఆశ్చర్యపోతాం. పాత కూలర్‌ను ఊళ్లో చుట్టాలకు ఇచ్చేవాళ్లు దాంతోపాటు ఇంకేం పంపుతున్నారో కూడా ఒకసారి చూసుకోవాలి. ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, మిద్దె మీద టైరు, కొబ్బరి చిప్పలు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, నేను మళ్లీ చదవను.

గుడ్ల విషయంలో ఏడీస్‌ది ఇంకో జిత్తు. ఒక్క కాన్పులో వందకు అటూ ఇటూ గుడ్లు పెడుతుంది, అన్నీ ఒకే చోట పెట్టదు. ఈ డ్రమ్ములో కొన్ని, ఆ తొట్టిలో కొన్ని, పక్కింటి పూలకుండీ కింది పళ్లెంలో కొన్ని. ఒక చోట ఎవరైనా రుద్దేసినా మిగతావి బతుకుతాయి. ఎగిరే దూరం మాత్రం తక్కువే, మామూలుగా ఒకటి రెండు వందల మీటర్లు దాటదు. కాబట్టి పగలు మిమ్మల్ని కుట్టిన చారల దోమ ఎక్కడో వంకలోంచి రాలేదు, మీ ఇంట్లోనో పక్క రెండు మూడు ఇళ్లలోనో పుట్టింది. ఈ మాట మా వీధి వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన వారం పాటు నాతో మాట్లాడలేదు.

రక్తం ఒక్కసారి తాగితే గుడ్లు పెట్టే దాకా ఊరుకుంటుంది అన్నాను కదా, అది పొట్ట నిండితే. ఏడీస్ పట్టపగలు, మనం మెలకువగా ఉన్నప్పుడు కుడుతుంది. కుట్టగానే చెయ్యి విదిలిస్తాం, సగం పొట్టతో లేచిపోతుంది, రెండు నిమిషాల్లో పక్కనున్నవాళ్ల కాలి మీద వాలుతుంది. థాయిలాండ్‌లో, పోర్టోరికోలో ఇళ్లలో పట్టిన ఏడీస్‌ల పొట్టలు పరీక్షించి చూస్తే ఒకే గుడ్ల విడతలో ఒకటికి మించి సార్లు రక్తం తాగినవి చాలానే తేలాయి. పురుగుగా ఉన్నప్పుడు సరైన తిండి లేక చిన్నగా పుట్టిన దోమలైతే మొదటి రక్తం ఒంటికే సరిపోయి గుడ్లకోసం రెండోసారి కుట్టాల్సి వస్తుంది. ఒక ఇంట్లో తల్లికి, పిల్లాడికి, అవ్వకు వరసగా డెంగీ వచ్చినప్పుడు “ఇల్లంతా దోమలే సార్” అంటారు. ఇల్లంతా ఉండక్కర్లేదు, కాస్త వయసు మళ్లింది ఒక్కటి చాలు.

వయసు అన్నది ఎందుకంటే, చాలామందికి తెలియని విషయం ఇదే. నిన్న పుట్టిన దోమ కుడితే దురద తప్ప డెంగీ భయం దాదాపు లేదు. అది ముందు ఒక డెంగీ మనిషిని కుట్టాలి, ఆ వైరస్ పొట్ట గోడ దాటి ఒళ్లంతా పాకి ఉమ్మి గ్రంథుల్లోకి చేరాలి, దానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. మలేరియా పరాన్నజీవికి కూడా అటూ ఇటూగా అంతే, పదిరోజుల పైమాటే. ఆడ ఏడీస్ ఎక్కువలో ఎక్కువ రెండు నుంచి నాలుగు వారాలు బతుకుతుంది, చాలావరకు అంతకు ముందే బల్లికో సాలెపురుగుకో మన చప్పట్లకో పోతాయి. అంటే మనకు నిజంగా ప్రమాదం రెండు మూడు కాన్పులు దాటి బతికిన ముసలి దోమలతోనే. ఈ రోజుల లెక్క పట్టుకున్న కథ మన తెలుగు నేల మీదే జరిగింది. రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. అంతకు ముందు ఆయన కోసిన దోమల్లో ఎక్కువ భాగం క్యూలెక్స్, ఏడీస్ జాతులవి, అవి మనుషుల మలేరియాను మోయవు కాబట్టి ఏమీ కనబడలేదు. 1897 ఆగస్టు 20న, రక్తం తాగి నాలుగు రోజులు బతికిన ఒక మచ్చల రెక్కల అనాఫిలిస్ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి చిన్న బుడగల్లా కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. రక్తం తాగిన రోజే కోసి ఉంటే ఆ దోమలోనూ ఆయనకు ఆ బుడగలు కనబడేవి కావు.

ఇది తెలిశాక ఫాగింగ్ బండిని చూస్తే నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. సాయంత్రం చీకటి పడుతుండగా పొగ వదులుకుంటూ బండి వస్తుంది, వెనక పిల్లలు పరిగెడతారు (పీల్చొద్దురా అంటే వినరు), పెద్దవాళ్లు పొగ లోపలికి రాకుండా తలుపులు వేస్తారు. ఏడీస్ ఆ తలుపుల లోపలే, మంచం కింద ఉంది. పొగ బయట ఎగురుతున్న వాటిని చంపుతుంది, అంతే. డ్రమ్ములోని పురుగులను ఏమీ చేయదు, గోడ మీది గుడ్లను అసలే చేయదు. గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా వెచ్చటి రోజుల్లో వారం పది రోజులు, కాబట్టి వచ్చే వారానికి కొత్త జట్టు తయారు. ఒక ఇంట్లో డెంగీ తేలినప్పుడు ఆ ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ల లోపల మందు కొట్టడం వేరు, దానికి అర్థం ఉంది, వైరస్ మోస్తున్న ముసలివి చస్తాయి. వీధిలో పొగ మాత్రం ‘ఏదో చేస్తున్నారు’ అని మనం అనుకోవడానికే ఎక్కువ పనికొస్తుంది.

శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ ఒంపి ఆరబెట్టే రోజు అని ఆశా అక్కలు ఇంటింటికీ వచ్చి చెప్తారు చూడండి, దాన్ని విసుక్కోకండి. వారానికి ఒకసారి అనడంలో లెక్క ఉంది. ఈ శుక్రవారం గుడ్డు పగిలినా వచ్చే శుక్రవారానికి చాలావరకు ఇంకా పురుగుగానో ప్యూపాగానో నీళ్లలోనే ఉంటుంది, రెక్కలు రాకముందే ఒంపేస్తాం. పది రోజులకోసారి చేస్తే చేసినా చేయనట్టే. మా వీధిలో చిక్కేమిటంటే శుక్రవారం కొళాయి రాకపోతే ఎవరూ డ్రమ్ము ఒంపరు, నేనూ ఒంపను, తాగడానికి కాకపోయినా వాడుకకు కావాలి కదా. అందుకని మేము శుక్రవారం పట్టుకోకుండా వారంలో ఒక కొళాయి రోజుకు మార్చుకున్నాం. కొళాయి వచ్చే ముందు అడుగు నీళ్లు ఒంపి, గోడలు రుద్ది, తర్వాత నింపి, పైన పాత పంచె సందు లేకుండా లాగి తాడుతో కట్టేయడం. మూత కంటే పంచె నయం, మూత కింద సందు ఉంటుంది, దోమకు ఆ సందు చాలు. ఒంపలేని సిమెంటు తొట్టిలో గంబూసియా చేపలు వేశాం, పురుగులను తినేస్తాయి, మా చిన్నోడు వాటికి అన్నం మెతుకులు వేయకుండా చూసుకోవడమే పని.

రాత్రి రొద పెట్టే క్యూలెక్స్ మీద మాత్రం ఇవేవీ పనిచేయవు. అది పుట్టేది మన డ్రమ్ములో కాదు, వంకలోని మురుగు మన ఒక్కరి చేతిలో పని కాదు, అర్జీలు ఇచ్చాం, ఇస్తున్నాం. సెప్టిక్ ట్యాంకు ఒక్కటి మాత్రం మన చేతిలోదే. దాని గాలి గొట్టం మిద్దె పైదాకా పోయి నోరు తెరుచుకుని ఉంటుంది, పొట్ట తెల్లబడిన క్యూలెక్స్ అందులోంచి దిగి గుడ్ల తెప్ప వదులుతుంది, కొత్తవి మళ్లీ అందులోంచే పైకి వస్తాయి. హార్డ్‌వేర్ షాపులో కిటికీలకు కొట్టే నైలాను జాలీ ఒక ముక్క కొని గొట్టం మూతికి తీగతో బిగించి కట్టాను. అప్పట్నుంచి పొద్దున బాత్రూం గోడ మీద తెల్ల పొట్టలవి తక్కువే కనబడుతున్నాయి. ఎదురింటి అక్కకు కూడా ఒక ముక్క ఇచ్చాను, “మా ఆయన ఆదివారం కడతాడు లే సార్” అంది. ఆదివారాలు పోతూనే ఉన్నాయి, ఆ గొట్టం ఇంకా అలానే ఉంది.